హెపటైటిస్‌లు ఐదూ అన్నదమ్ములు కావు: ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ను వంశవృక్షంలో దాని చోట నిలబెట్టే విధానం

హెపటైటిస్ ఎ, బి, సి, డి, ఇ. పేర్లు వింటే ఒకే ఇంటి పిల్లలనిపిస్తుంది. ఐదూ పట్టుకునేది కాలేయాన్నే. వంశం అడిగితే మాత్రం ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూపిస్తుంది. ఎ వైరస్ పోలియోకు దగ్గరి చుట్టం. సి వైరస్ డెంగ్యూ వైపు బంధువు. ఇ వైరస్‌కు రుబెల్లా దగ్గర. బి వైరస్ జన్యుపదార్థం డీఎన్‌ఏయే అయినా, ఆర్‌ఎన్‌ఏ మీదుగా ప్రతి తీసుకుంటుంది కాబట్టి హెచ్‌ఐవీ ఉన్న కొమ్మ మీద కూర్చుంటుంది. డి వైరస్‌కు ప్రతులు తీసే సొంత యంత్రం, అంటే పాలిమరేజే, లేదు, అందుకని దాన్ని రిబోజైవిరియా అనే వేరే చెట్టుకే చేర్చారు. జబ్బును బట్టి, సోకే జీవిని బట్టి, సూక్ష్మదర్శినిలో కనిపించే ఆకారాన్ని బట్టి వర్గీకరిస్తే ఎంత దారి తప్పుతామో ఈ ఐదూ చాలు చెప్పడానికి.

1971లో డేవిడ్ బాల్టిమోర్ చేసిన విభజన మనందరం చదువుకున్నదే, అందులో ఆర్‌ఎన్‌ఏకు సంబంధించినవి ఇవి: జంటపోగు ఆర్‌ఎన్‌ఏ, పాజిటివ్ పోగు (కణం నేరుగా ప్రొటీన్‌గా చదవగలిగేది), నెగెటివ్ పోగు (దానికి ఎదురు ప్రతి), రెట్రోవైరస్‌లు. వైరస్ తన సందేశవాహక ఆర్‌ఎన్‌ఏను ఎలా తయారు చేసుకుంటుందో చెప్పడానికి అది ఇప్పటికీ గొప్ప పనిముట్టు. చుట్టరికం చెప్పడానికి మాత్రం చాలదు. రోటావైరస్‌దీ, శిలీంధ్రాల్లో ఉండే పార్టిటివైరస్‌లదీ జంటపోగు జన్యువే. కానీ పార్టిటివైరస్‌ల పాలిమరేజ్ రోటావైరస్ కంటే పోలియోకే దగ్గర. జంటపోగు రూపం ఒకసారి పుట్టి పాకినది కాదు, వేర్వేరు కొమ్మల మీద విడివిడిగా వచ్చింది.

మరి ఏ గీటురాయి పట్టుకోవాలి? ఆర్‌ఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏను రాసే పాలిమరేజ్. రెట్రోవైరస్‌లనూ వాటి బంధువులనూ పక్కనపెడితే, తన సొంత యంత్రంతో ప్రతులు తీసుకునే ప్రతి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లోనూ ఉన్న ఒకే ఒక్క జన్యువు ఇది. తొడుగు ప్రొటీన్లు చేతులు మారతాయి, హెలికేజ్ (పోగులను విడదీసే ప్రొటీన్) ఒకదానిలో ఉంటుంది, మరొకదానిలో ఉండదు. పాలిమరేజ్ మాత్రం ఎక్కడా వదిలిపోదు. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క ప్రొటీన్‌ను పట్టుకుని నడుస్తుంది. దారిలో ఒక ఊహా ఉదాహరణను వెంట తీసుకెళదాం: ఒక కీటక నమూనా నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో 9,400 అక్షరాల పొడవైన, పేరూ ఊరూ తెలియని ఒక వరస దొరికిందనుకోండి.

1. దొరికింది నిజంగా వైరసేనా?

ఈ ప్రశ్నను దాటేసి నేరుగా చెట్టు గీయడానికి ఉరికేవాళ్లు చాలామంది. వద్దు. మెగాహిట్, ఆర్‌ఎన్‌ఏ-స్పేడ్స్ లాంటి అసెంబ్లర్లు చిన్న ముక్కల్ని అతికి పొడవైన వరసలు ఇస్తాయి. అతుకు తప్పయితే రెండు వేర్వేరు వైరస్‌లు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. కాబట్టి ముందు మూల ముక్కలన్నిటినీ తిరిగి ఆ వరస మీద పరిచి చూడండి. పొడవునా కప్పు (ఒక్కో చోట ఎన్ని ముక్కలు పడ్డాయన్న లెక్క) ఒకే తీరులో ఉందా? మధ్యలో ఎక్కడైనా హఠాత్తుగా పడిపోయిందా? పడిపోయిన చోట ఆర్‌టీ-పీసీఆర్‌తో మళ్లీ చదివించాలి.

రెండో చిక్కు, జీవుల జన్యువుల్లోనే ఇరుక్కుపోయిన పాత వైరస్ శకలాలు. మనిషి జన్యువులో బోర్నావైరస్‌ను పోలిన ముక్కలున్నాయని 2010లో తేలింది. అవి 4 కోట్ల ఏళ్ల నాటివి. అలాంటి శకలం నమూనాలో తగిలితే కొత్త వైరస్ దొరికిందని పొరబడతాం. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు: చదువుచట్రం (ప్రొటీన్‌గా అనువాదమయ్యే నిడివి) మధ్యలో ఆగు సంకేతాలు అడ్డుపడుతుంటాయి, పాలిమరేజ్ ముక్క చివర జీవి సొంత జన్యువు మొదలవుతుంది, డీఎన్‌ఏను నేరుగా చదివినా అదే వరస దొరుకుతుంది.

ఆగు సంకేతం కనబడిందని వెంటనే పారేయకండి. శిలీంధ్రాల మైటోకాండ్రియాలో బతికే మైటోవైరస్‌లు మైటోకాండ్రియా సంకేతావళినే (ఏ మూడక్షరాలు ఏ అమైనో ఆమ్లానికో చెప్పే పట్టిక) వాడతాయి. అక్కడ యూజీఏ అంటే ఆగమని కాదు, ట్రిప్టోఫాన్ అని. నేను మొదట్లో ఇలాంటి ఒక వరసను మామూలు సంకేతావళితో అనువదించి, ముక్కలు ముక్కలుగా ఉందని మూడు వారాలు పక్కన పడేశాను. సంకేతావళి మార్చి చూస్తే ఒక చివరి నుంచి మరో చివరి దాకా నిండు పాలిమరేజ్. అప్పటి నుంచి ఏ వరసనైనా కనీసం రెండు మూడు సంకేతావళులతో చదివాకే తీర్పు చెబుతున్నాను.

మన 9,400 అక్షరాల వరసలో కప్పు సమంగా ఉంది. ఒకే ఒక పొడవైన చదువుచట్రం, దాదాపు 2,900 అమైనో ఆమ్లాలు. తోక చివర అడినిన్ల వరుస. పాజిటివ్ పోగు వైరస్ కావచ్చన్న అనుమానం కలగాలి. అంతవరకే.

2. పాలిమరేజ్‌ను పట్టుకోవడం

మూడు వలలున్నాయి. కళ్లు పెద్దగా ఉన్న వలతో మొదలుపెట్టి సన్నని వలకు పోవాలి.

మొదటిది బ్లాస్ట్‌పీ లేదా డైమండ్. ప్రొటీన్ వరసను తెలిసిన ప్రొటీన్లతో పోల్చి చూస్తాయి. వేగంగా పని అవుతుంది. పోలిక 30 శాతం కిందికి జారితే మాత్రం ఇవి తడబడతాయి. న్యూక్లియోటైడ్ అక్షరాలతో పోల్చే మామూలు బ్లాస్ట్‌ను ఇక్కడ వాడటం వృథా. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు ప్రతి తీసినప్పుడల్లా సుమారు 10,000 నుంచి 10,00,000 అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు రాస్తాయి, అక్షరాల పోలిక త్వరగా చెరిగిపోతుంది.

రెండోది ప్రొఫైల్ వెతుకులాట. ఒక్క వరసతో కాక, ఒక కుటుంబంలోని వందల పాలిమరేజ్‌లను కలిపి, ఏ స్థానంలో ఏ అమైనో ఆమ్లం ఎంత తరచుగా వస్తుందో లెక్కకట్టిన నమూనాతో పోలుస్తారు. హెచ్‌ఎమ్‌మర్‌తో ఈ పని చేయవచ్చు. ఇంకా దూరపు చుట్టరికాలకు, ప్రొఫైల్‌ను ప్రొఫైల్‌తోనే పోల్చే హెచ్‌హెచ్‌ప్రెడ్ ఉంది. పాలిమరేజ్‌ల కోసమే తయారు చేసిన ప్రొఫైల్ సంకలనాలు, ఉదాహరణకు ఆర్‌డీఆర్‌పీ-స్కాన్, ఉచితంగా దొరుకుతాయి.

మూడోది ఆకారం. అమైనో ఆమ్లాల పోలిక పూర్తిగా చెరిగిపోయిన తరవాత కూడా ప్రొటీన్ మడత మిగిలి ఉంటుంది. ఆల్ఫాఫోల్డ్‌తో మడతను ఊహించి, ఫోల్డ్‌సీక్ లేదా డాలీతో తెలిసిన మడతల్లో వెతకండి. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఆకారం ముడిచిన కుడిచెయ్యిలా ఉంటుంది: వేళ్లు, అరచెయ్యి, బొటనవేలు. అసలు పని అరచేతిలో జరుగుతుంది, చుట్టరికం సాక్ష్యమూ అక్కడే ఉంటుంది.

మన ఉదాహరణలో డైమండ్ ఒక తేనెటీగ వైరస్‌ను చూపించింది, పోలిక 36 శాతం. ప్రొఫైల్ వెతుకులాట కూడా అటే వేలు చూపింది. వెతుకులాటలో పైన నిలిచిన పేరు దగ్గరి చుట్టమనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పోలిక స్కోరు వేరు, వంశం వేరు. ఒక కొమ్మ నెమ్మదిగా మారితే అది అందరికీ దగ్గరగానే కనిపిస్తుంది.

3. సంతకాలను కంటితో చదవండి

ఇక్కడ కంప్యూటర్‌ను కాసేపు ఆపి, వరసను తెర మీద పెట్టుకుని మీరే చదవాలి. ఈ పని చేసేవాళ్లకు ఇంతకంటే విలువైన అలవాటు లేదని నా నమ్మకం.

పాలిమరేజ్‌లో ఎ నుంచి జి వరకు పేర్లు పెట్టిన గుర్తుపలకలున్నాయి, అంటే పెద్దగా మారకుండా నిలిచే చిన్న చిన్న అమైనో ఆమ్లాల వరసలు. వాటిలో మనకు ముఖ్యమైన ఎ, బి, సి మూడూ అరచేతిలో ఉంటాయి. ఎ పలకలో నాలుగైదు స్థానాల ఎడంతో రెండు ఆస్పార్టేట్‌లు. మొదటిది లోహ అయాన్‌ను పట్టుకుంటుంది. బి పలకలో ఒక గ్లైసిన్, కాస్త ముందుకెళితే ఒక ఆస్పరజిన్. సి పలకలో అన్నిటికంటే ప్రసిద్ధమైన సంతకం: గ్లైసిన్, ఆస్పార్టేట్, ఆస్పార్టేట్. వాటి ఒంటి అక్షర గుర్తులు కలిపి అందరూ జీడీడీ అంటారు. ఎ పలకలోని మొదటి ఆస్పార్టేట్, సి పలకలోని ఆస్పార్టేట్‌లు కలిసి రెండు లోహ అయాన్లను నిలిపి ఉంచుతాయి. కొత్త అక్షరం అతుక్కునేది ఆ అయాన్ల సాయంతోనే. అందుకే కోట్ల ఏళ్లుగా ఇవి దాదాపు మారలేదు, మారితే చాలాసార్లు యంత్రం ఆగిపోతుంది.

జీడీడీ లేదంటే పాలిమరేజే కాదనుకోవద్దు. తట్టు, రేబిస్, ఎబోలా ఉన్న గుంపులో అది జీడీఎన్, ఎన్ అంటే ఆస్పరజిన్. ఇన్‌ఫ్లూయెంజాలోనూ బున్యావైరస్‌లలోనూ ఎస్‌డీడీ. కరోనావైరస్‌లలోనూ ఎస్‌డీడీయే. ఇన్‌ఫ్లూయెంజాకూ కరోనాకూ ఇది ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఒకటి కాదు. గ్లైసిన్ స్థానంలో సెరిన్ రావడం చిన్న మార్పు, ఎక్కడైనా జరగవచ్చు. బిర్నావైరస్‌లు ఇంకా వింత: వాటిలో పలకల క్రమమే మారిపోయి సి ముందుకొచ్చి, తరవాత ఎ, బి ఉంటాయి. వరసలను స్థానానికి స్థానం జతపరిచి పేర్చే మామూలు అలైన్‌మెంట్ ప్రోగ్రామ్‌లకు ఈ సంగతి తెలియదు. అవి సి పలకను దేనితోనో బలవంతంగా జతకడతాయి. అలాంటి వరస కనబడితే ముందు పలకల్ని మామూలు క్రమంలోకి చేత్తో సర్ది, ఆ సంగతి మీ పద్ధతుల్లో రాసి, అప్పుడు పోల్చండి.

మూడు పలకలూ క్రమంలో, తగిన ఎడంలో ఉంటే అది పాలిమరేజ్. మన వరసలో మూడూ ఉన్నాయి, సి పలకలో జీడీడీకి ముందు టైరోసిన్ ఉంది. అదీ పోలియో బంధువుల్లో మామూలే.

4. ఎవరితో పోల్చాలి?

చెట్టు మంచిదా కాదా అన్నది చాలావరకు ఈ ఎంపికలోనే తేలిపోతుంది. దగ్గరివాళ్లను మాత్రమే తెచ్చుకుంటే మీ వైరస్ వాళ్లలో ఎక్కడో ఒకచోట కూర్చోక తప్పదు, నిజంగా అక్కడిది కాకపోయినా. కాబట్టి మూడు వలయాలుగా ఎంచుకోండి. వర్గీకరణ మెట్లలో జాతులు కలిస్తే ప్రజాతి, ప్రజాతులు కలిస్తే కుటుంబం, కుటుంబాలు కలిస్తే క్రమం, ఇంకా పైన వర్గం. అనుమానిస్తున్న కుటుంబం నుంచి ప్రతి ప్రజాతికీ ప్రతినిధులు, అదే క్రమంలోని మిగతా కుటుంబాల నుంచి కొందరు, ఆ క్రమం బయటి నుంచి ఇద్దరు ముగ్గురు.

వైరస్ వర్గీకరణ అంతర్జాతీయ కమిటీ, అందరూ ఐసీటీవీ అని పిలిచేది, ప్రతి జాతికీ ఒక ఆదర్శ వరసను చూపే పట్టికను విడుదల చేస్తుంది. ప్రతినిధుల్ని అక్కడి నుంచి తీసుకోండి. దానికి, అధికారికంగా ఇంకా పేరు లేని వరసల్ని డేటాబేసుల నుంచి కలపండి. 2022లో సెరాటస్ అనే ప్రాజెక్టు 57 లక్షల బహిరంగ నమూనాలను జల్లెడ పట్టి లక్షకు పైగా కొత్త ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను బయటపెట్టింది. మీ వైరస్‌కు అసలైన చుట్టాలు ఆ పేరులేని గుంపులోనే ఉండే అవకాశం ఎక్కువ. 90 శాతం మించి పోలికున్న వరసల్లో ఒకదాన్నే ఉంచుకుంటే చెట్టు బరువు తగ్గుతుంది.

5. అలైన్‌మెంట్

తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. అలైన్‌మెంట్‌లో ప్రతి నిలువు వరుస ఒక వాదన: ఈ స్థానంలోని అమైనో ఆమ్లాలన్నీ ఒకే పూర్వీకుడి నుంచి దిగివచ్చాయని. ఆ వాదన అబద్ధమైతే, పైన ఎంత గొప్ప గణితం వాడినా వచ్చే చెట్టు అబద్ధమే.

ఒక కుటుంబం లోపల పనైతే మాఫ్ట్ అనే ప్రోగ్రామ్ చాలు. అందులో కచ్చితత్వం ఎక్కువున్న పద్ధతిని ఎంచుకోండి. వరసల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వచ్చేటట్లుంటే ఇ-ఐఎన్‌ఎస్-ఐ, ఒకే డొమైన్‌ను (ప్రొటీన్‌లో సొంతంగా మడతపడే భాగం) పోలుస్తుంటే ఎల్-ఐఎన్‌ఎస్-ఐ. తనంతట తాను పద్ధతిని ఎంచుకోనిస్తే వరసలు ఎక్కువైనప్పుడు వేగం వైపు మొగ్గుతుంది. మజిల్ అనే మరో ప్రోగ్రామ్ ఐదో రూపం వేర్వేరు అమరికలను కొద్దికొద్దిగా మార్చి అనేక అలైన్‌మెంట్లు ఇస్తుంది. ఏ అమరికలోనైనా నిలిచే కొమ్మ ఏదో, అమరిక మారితే మారిపోయే కొమ్మ ఏదో అప్పుడు బయటపడుతుంది.

పాలిప్రొటీన్ (తరవాత వేర్వేరు ప్రొటీన్లుగా తెగే ఒకే పొడవైన గొలుసు) మొత్తాన్ని పోల్చవద్దు. పాలిమరేజ్ డొమైన్‌ను మాత్రమే కత్తిరించి తీసుకోండి. ఆ తరవాత అలైన్‌మెంట్‌ను తెర మీద చూపే అలీవ్యూలో తెరిచి, ఎ, బి, సి పలకలు ప్రతి వరసలోనూ ఒకే నిలువులో నిలబడ్డాయా అని చూడండి. ఒక్క వరసలో జీడీడీ పక్కకు జరిగినా ఆ వరసను తీసేసి మళ్లీ కట్టండి, లేదా పలకలను లంగరుగా పెట్టి సర్దండి.

కత్తిరింపు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ట్రిమాల్ లాంటివి ఖాళీలు ఎక్కువున్న నిలువులను తీసేస్తాయి. బాగా దూరపు వరసలున్నప్పుడు కఠినంగా కత్తిరిస్తే 400 స్థానాల డొమైన్‌లో 80 మిగులుతాయి. ఆ 80 అందరిలోనూ ఒకేలా ఉండేవే కాబట్టి చుట్టరికం గురించి పెద్దగా ఏమీ చెప్పవు. తేలికగా కత్తిరించండి, రెండు మూడు స్థాయిల్లో చెట్టు వేసి పోల్చండి.

కుటుంబాలు దాటి వర్గాల స్థాయికి వెళితే సంగతి పూర్తిగా మారుతుంది. అక్కడ పోలిక 10 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. 2018లో యూరి వోల్ఫ్, యూజీన్ కూనిన్, వలేరియన్ డోల్యా బృందం 4,617 పాలిమరేజ్‌లతో వేసిన పెద్ద చెట్టులో అన్నిటినీ ఒకేసారి పేర్చలేదు. ముందు దగ్గరివాటిని గుంపులుగా కట్టి, గుంపుల ప్రొఫైల్‌లను ఒకదానితో ఒకటి పేర్చుకుంటూ పైకి వచ్చారు. అంత లోతుకు దిగాలంటే అదే దారి.

6. చెట్టు వేయడం

చెట్టు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఐక్యూ-ట్రీ చాలామందికి సరిపోతుంది. అమైనో ఆమ్లాలు ఒకదానిగా మరొకటి మారే తీరుకు సరైన గణిత నమూనాను మోడల్‌ఫైండర్‌తో ఎంపిక చేయించండి. కొమ్మల గట్టిదనానికి రెండు కొలతలు కలిపి చూడండి: అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 95కు తగ్గకూడదు, ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ 80కి తగ్గకూడదు. పాత బూట్‌స్ట్రాప్ పద్ధతిలో 70 దాటితే గట్టిదనుకునే అలవాటును అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ మీద రుద్దవద్దు, ఆ రెండు సంఖ్యల అర్థం వేరు.

పొడవైన కొమ్మలు ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయి. వేగంగా మారే రెండు వైరస్‌లు చుట్టాలు కాకపోయినా పక్కపక్కన చేరిపోతాయి. మీ వైరస్ ఒంటరిగా పొడవైన కొమ్మ మీద ఉండి, మరో పొడవైన కొమ్మ పక్కన నిలిస్తే అనుమానించండి. ఆ రెండో దాన్ని తీసేసి మళ్లీ వేయండి. మీ వైరస్ చోటు మారిందా, మొదటిచోట నిలిపింది చుట్టరికం కాదన్నమాట.

7. వేరు ఎక్కడ?

వేరు లేని చెట్టులో ఎవరు ముందు విడిపోయారో చెప్పలేం. కుటుంబం లోపలైతే సులువు, బయటి నుంచి తెచ్చుకున్న ఆ ఇద్దరు ముగ్గురే వేరు చోటు చూపిస్తారు.

ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల మొత్తం చెట్టుకు వేరు పెట్టడం మాత్రం ఇప్పటికీ వాదోపవాదాల విషయమే. వోల్ఫ్ బృందం, ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏను రాసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లను బయటి సమూహంగా పెట్టింది. వాళ్ల చెట్టులో ఐదు పెద్ద కొమ్మలు వచ్చాయి, నెగెటివ్ పోగు వైరస్‌లు జంటపోగు వైరస్‌ల కొమ్మ లోపలి నుంచి పుట్టినట్లు కనిపించింది. 2019లో ఎడ్వర్డ్ హోమ్స్, సెబాస్టియన్ దూషేన్ అభ్యంతరం చెప్పారు: వరసల పోలిక ఇంత చెరిగిపోయాక ఆ లోతైన కొమ్మల క్రమాన్ని నమ్మలేమని. నా మట్టుకు, కుటుంబం, క్రమం స్థాయిలో పాలిమరేజ్ చెట్టును ధైర్యంగా నమ్ముతాను. వర్గాల గుంపులను కూడా నమ్ముతాను. ఆ వర్గాల్లో ఏది ముందు పుట్టిందన్న మాటను మాత్రం ఒక ప్రతిపాదనగానే చదువుతాను. లోతైన కొమ్మలకు తేదీలు కట్టే పనికి అసలు దిగవద్దు. నేటి మార్పుల వేగంతో వెనక్కి లెక్కిస్తే కొన్ని వేల ఏళ్లే వస్తాయి, జీవుల జన్యువుల్లో ఇరుక్కున్న శకలాలు కోట్ల ఏళ్లు అంటున్నాయి.

ఆ ఐదు కొమ్మలే 2020 నాటికి అధికారిక వర్గాలయ్యాయి. లెనార్విరికోటాలో బ్యాక్టీరియాను పట్టే ఎమ్‌ఎస్2 లాంటివి (1976లో పూర్తిగా చదివిన 3,569 అక్షరాల జన్యువు దానిదే), మైటోవైరస్‌లు ఉన్నాయి. పిసువిరికోటాలో పోలియో, కరోనా, పార్టిటివైరస్‌లు. కిట్రినోవిరికోటాలో డెంగ్యూ, చికున్‌గున్యా, పొగాకు మొజాయిక్ వైరస్. చికున్‌గున్యాకూ పొగాకు వైరస్‌కూ వర్గమే కాదు, క్రమం కూడా ఒకటే, మార్టెల్లివిరాలిస్. దోమ మోసే జ్వరమూ ఆకు మచ్చా ఇంత దగ్గరని పాలిమరేజ్ చెబితే తప్ప ఎవరికి తడుతుంది? డుప్లోర్నావిరికోటాలో రోటావైరస్. నెగార్నావిరికోటాలో రేబిస్, తట్టు, ఎబోలా, ఇన్‌ఫ్లూయెంజా. తరవాత శిలీంధ్రాల్లో దొరికిన వలయాకార జన్యువుల కోసం ఆంబివిరికోటా చేరింది. ఇవన్నీ ఆర్థోర్నవిరే అనే రాజ్యం కింద, ఆ రాజ్యం రిబోవిరియా అనే రెల్మ్ కింద ఉంటాయి. రాజ్యం కంటే పైమెట్టు రెల్మ్.

8. మిగతా జన్యువు ఒప్పుకుంటుందా?

పాలిమరేజ్ వెన్నెముక అయితే మిగతా జన్యువులు అవయవాలు, కొన్ని వేరే ఒంటి నుంచి వచ్చి అతికినవి. డెంగ్యూ, చికున్‌గున్యా కణంలోకి దూరడానికి వాడే కలయిక ప్రొటీన్ మడత, నెగెటివ్ పోగు వైరస్ అయిన రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్‌లోనూ కనిపిస్తుంది. తొడుగును చూసి చెట్టు వేస్తే వాటిని ఒకే గుంపు చేసేస్తాం.

కాబట్టి పాలిమరేజ్ చెట్టు పక్కనే, హెలికేజ్ ఉంటే దానికో చెట్టు, తొడుగు ప్రొటీన్‌కో చెట్టు వేయండి. మూడూ ఒకే మాట చెబితే నిశ్చింత. తేడా వస్తే పునస్సంయోగాన్ని, అంటే రెండు వైరస్‌ల ముక్కలు అతికిన చోటును, వెతకండి, ఆర్‌డీపీ లాంటి ప్రోగ్రామ్‌లు అతుకు చోటును సుమారుగా చూపిస్తాయి. పశ్చిమ అశ్వ మెదడువాపు వైరస్ ఇలా పుట్టినదే. దాని జన్యువులో చాలా భాగం తూర్పు అశ్వ మెదడువాపు వైరస్‌ను పోలినది, పైతొడుగు గ్లైకోప్రొటీన్లు మాత్రం సింద్‌బిస్ వైరస్ వంశానివి. ముక్కల జన్యువున్న వైరస్‌లలో ముక్కలకు ముక్కలే మారిపోతాయి. 1968 మహమ్మారి ఇన్‌ఫ్లూయెంజాలో ఎనిమిది ముక్కల్లో రెండు పక్షుల నుంచి వచ్చాయి, ఆ రెండింటిలో ఒకటి పాలిమరేజ్ ముక్కే. అందుకే ముక్కలున్న వైరస్‌కు ప్రతి ముక్కకూ విడిగా చెట్టు వేయాల్సిందే.

నమూనా ఎవరిదో వైరస్ వాళ్లదే అనుకోవడం కూడా ఇక్కడ సరిచూసుకోవాల్సిన సంగతి. కీటకం పొట్టలో తిన్న ఆకు ఉంటుంది, ఆకు మీద శిలీంధ్రం ఉంటుంది, శిలీంధ్రంలో వైరస్ ఉంటుంది. చెట్టులో చుట్టాలంతా శిలీంధ్ర వైరస్‌లే అయితే, నమూనా కీటకానిదైనా సరే, చెట్టు మాటకే ఎక్కువ విలువివ్వండి.

మన వరసలో తొడుగు ప్రొటీన్లు ముందు, హెలికేజ్, ప్రొటియేజ్ (ప్రొటీన్లను కత్తిరించేది), పాలిమరేజ్ వెనక ఉన్నాయి. పాలిమరేజ్, హెలికేజ్, తొడుగు మూడు చెట్లలోనూ అది ఇఫ్లావిరిడే కుటుంబం లోపలే నిలిచింది. తేనెటీగల రెక్కల్ని వికృతం చేసే వైరస్ ఉన్న కుటుంబమది. పక్క కుటుంబమైన డైసిస్ట్రోవిరిడేలో చదువుచట్రాలు రెండుంటాయి, ఇందులో ఒకటే ఉంది. చెట్టూ జన్యువు అమరికా ఒకే మాట చెప్పాయి.

9. ఏ మెట్టు మీద ఆపాలి?

చెట్టు కొమ్మల్ని చూపిస్తుంది. ఏ కొమ్మను జాతి అనాలో, దేన్ని ప్రజాతి అనాలో చెప్పదు. అది మనుషులు కలిసి పెట్టుకున్న గీత. ఇప్పుడు రెల్మ్ నుంచి జాతి దాకా 15 మెట్లున్నాయి, అన్నీ నింపాల్సిన పని లేదు.

గీత ఒక్కో కుటుంబానికి ఒక్కో తీరు. పోటివైరస్‌ల కుటుంబంలో మొత్తం చదువుచట్రం న్యూక్లియోటైడ్ పోలిక 76 శాతానికీ, అమైనో ఆమ్లాల పోలిక 82 శాతానికీ తగ్గితే కొత్త జాతి. కరోనావైరస్‌లలో ప్రతి తీసే యంత్రపు డొమైన్ల పోలిక 90 శాతం దాటితే ఒకే జాతి. 2020లో కొత్త కరోనావైరస్ 2003 నాటి సార్స్ వైరస్ ఉన్న జాతిలోకే వెళ్లింది ఈ గీతతోనే. జబ్బుల తీరు వేరు కదా అని చాలామంది ఆశ్చర్యపోయారు, కానీ లెక్క వంశానిది. ఇఫ్లావిరిడేలో తొడుగు ప్రొటీన్ల పోలిక 90 శాతం గీత. మన వరసకు దగ్గరి చుట్టంతో అది 41 శాతమే వచ్చింది. కొత్త జాతి అనడానికి సందేహం లేదు.

గీత రాసిపెట్టి లేని గుంపులో పడితే జంటజంటలుగా అన్ని పోలికలనూ లెక్కగట్టి పటం వేయండి, ఎస్‌డీటీ లేదా పాస్క్ ఇందుకు పనికొస్తాయి. నిజమైన మెట్లున్న చోట పటంలో గుట్టలూ మధ్యన లోయలూ కనిపిస్తాయి, గీత లోయలో గీయాలి. లోయ లేకపోతే గీయవద్దు. కొత్త కుటుంబం ప్రకటించాలన్న తొందరలో గుట్ట నడిమికి గీత లాగిన ప్రతిపాదనలు తరవాతి వరసలు చేరగానే కూలిపోతాయి. ఒక్క వైరస్ ఆధారంగా పైమెట్లు కట్టడం కన్నా, ఉన్న కుటుంబం కింద ఇంకా వర్గీకరించని వైరస్‌గా ఉంచడం మేలు.

10. పేరు, ప్రతిపాదన

మెట్టును బట్టి పేరు తోక మారుతుంది: రెల్మ్‌కు విరియా, రాజ్యానికి విరే, వర్గానికి విరికోటా, తరగతికి విరిసిటీస్, క్రమానికి విరాలిస్, కుటుంబానికి విరిడే, ఉపకుటుంబానికి విరినే, ప్రజాతికి వైరస్. జాతికి ఇప్పుడు రెండు మాటల పేరు తప్పనిసరి. రేబిస్ వైరస్ జాతి లిస్సావైరస్ రేబిస్, డెంగ్యూది ఆర్థోఫ్లావివైరస్ డెంగ్యూయై. జాతి పేరు మనం కట్టిన ఒక గుంపుది, వైరస్ పేరు ఒంట్లో తిరిగే వస్తువుది. మనిషికి సోకేది వైరస్, జాతి కాదు. రాతలో ఈ రెంటినీ కలపకండి.

పరీక్షశాలలో పెంచిన వైరస్ చేతిలో ఉండాలన్న షరతు ఇప్పుడు లేదు. వరస ఒక్కటే ఉన్నా వర్గీకరించవచ్చని నిపుణులు 2017లో అంగీకారానికి వచ్చారు. ప్రొటీన్లను సంకేతించే భాగమంతా పూర్తిగా చదివి ఉండాలి, బహిరంగ డేటాబేసులో దాఖలై ఉండాలి. ప్రతిపాదన ఫారాన్ని ఐసీటీవీ వెబ్‌సైటు నుంచి దించుకుని, ఆ కుటుంబాన్ని చూసే అధ్యయన బృందానికి ముందే ఒక మాట రాయండి. అలైన్‌మెంట్ ఫైలు, చెట్టు ఫైలు, వాడిన అమరికలు, కత్తిరింపు స్థాయి, తీసేసిన వరసలు, తీసేసిన కారణం అన్నీ జతచేయండి. అవతలి సభ్యుడు మీ చెట్టును తన యంత్రం మీద మళ్లీ వేసి, అదే కొమ్మ మీద అదే వైరస్‌ను చూడగలగాలి.

మన 9,400 అక్షరాల వరసకు ఆ ఫారంలో పడే చిరునామా ఇది: రిబోవిరియా, ఆర్థోర్నవిరే, పిసువిరికోటా, పిసోనివిరిసిటీస్, పికోర్నావిరాలిస్, ఇఫ్లావిరిడే, ఇఫ్లావైరస్. జాతి పేరు గడి ఒక్కటే ఖాళీ. పేరు మీ ఇష్టం.